దొంగ గొంతు

ప్రియమైన మరిదికి,

పోయిన వారం నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ నువ్వు "వదినా" అనగానే పెట్టేశాను. వదినకి కోపమొచ్చింది, నేనేం తప్పు చేశానో అని నువ్వు తల బద్దలుకొట్టుకుంటూ ఉంటావని తెలుసు. కోపం కాదు. నీ గొంతు అచ్చం మీ అన్నయ్య గొంతు. పెళ్లయిన కొత్తలో మీరిద్దరూ పక్కగదిలో కబుర్లు చెప్పుకుంటుంటే, మా ఆయన తనలో తనే మాట్లాడుకుంటున్నాడేమిటి ఖర్మ అని హడలిపోయేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వొచ్చేది. ఇప్పుడు ఫోన్లో ఆ మొదటి అక్షరం వినపడగానే, ఎప్పుడొస్తున్నావని అడగబోతున్నాను. ఆయన పోయి నలభై రోజులయింది. ఆయన గొంతు మాత్రం రోజూ ఫోన్ చేస్తోంది.

అందుకని ఫోన్ వద్దు, ఉత్తరం రాయి. అక్షరాల్లో మీకు పోలిక లేదు. ఆయనవి కోడి కెలికినట్టు ఉండేవి, నీవి బస్సు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉంటాయి.

సెలవు అయిపోయింది, డ్యూటీలో చేరాను. కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష గది నాదే. తలుపేసి, లైటు తీసేసి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడగడమే పని. చీకట్లో పని చేసుకోవడం నాకిప్పుడు బాగానే ఉంది. ఎవరూ నా మొహం చూడరు.

మన పిచ్చుక బడికి వెళ్తోంది. వాళ్ల నాన్న నీలం గళ్ల చొక్కా తొడుక్కుని పడుకుంటోంది. ఉతుకుతానంటే ఊరుకోవడం లేదు. నువ్వు వేళకి తింటున్నావా? రాయి.

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

ఉత్తరం అందింది. నా గొంతు మిమ్మల్ని అంత బాధ పెడుతోందని నాకు తట్టనేలేదు. క్షమించండి. ఇకమీదట రాస్తాను.

నా సంగతి ఏముంది, అదే బస్టాండు, అదే అద్దాల కేబిన్, అదే మైకు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నా మాట నాకే వెగటుగా ఉంటుంది. కానీ పోయిన మంగళవారం ఒకటి జరిగింది. మీతో చెప్పకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేను.

నేను మైకులో మూడో ప్లాట్‌ఫారం బస్సు గురించి చెబుతుంటే ఎవరో కేబిన్ అద్దం మీద దబదబా కొట్టారు. చూస్తే అన్నయ్య పనిచేసిన డబ్బింగ్ కంపెనీ మేనేజరు. మొహం సున్నం కొట్టినట్టుంది. బస్సు కోసం వచ్చాడట, తల మీద స్పీకర్లోంచి అన్నయ్య గొంతు వినపడేసరికి పెట్టె కింద పడేశాడట. లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తేరుకున్నాక మెల్లగా అసలు మాటకి వచ్చాడు.

అన్నయ్య చివర చేస్తున్న హిందీ సినిమా మీకు గుర్తుండే ఉంటుంది, ఆ దొంగది. ఇళ్లలో దూరి ఏదో ఒక వస్తువు ఎత్తుకుపోతాడు, కానీ పోయేముందు ఆ ఇంట్లో చెడిపోయిందేదో ఒకటి బాగుచేసి పోతాడు. కారే కుళాయి, ఆగిన గడియారం, పాడని రేడియో, ఏదైనా సరే. ఊళ్లో వాళ్లకి ఇది తెలిసిపోయి, రాత్రిళ్లు తలుపులు తీసిపెట్టి విరిగిన సామానంతా గుమ్మంలో పేర్చి దొంగ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తుంటారు. పోలీసాయన భార్య కూడా మొగుడికి తెలియకుండా కుట్టుమిషను బయట పెడుతుంది. అన్నయ్య అది చెబుతూ చెబుతూ తనే పడీపడీ నవ్వేవాడు.

వదినా, ఇంటర్వెల్ దాకా అన్నయ్య చెప్పేశాడు. ఆ తర్వాత దొంగకి గొంతు లేదు. మొదటి నుంచీ వేరే ఎవరితోనో చెప్పించడానికి వాళ్లకి టైము లేదు, పైగా ఆ మొదటి సగం తీసిపారేయడానికి మనసు రావడం లేదంటున్నారు. మిగతాది నన్ను చెప్పమంటున్నారు. నేను జన్మలో సినిమా డైలాగు పలికిన వాణ్ని కాను. బస్సుల పేర్లు తప్ప నాకేం వచ్చు? కానీ నేను కాదంటే అన్నయ్య చెప్పిందంతా చెరిపేస్తారేమో అన్నదే భయం.

మీరు వద్దంటే వద్దు. ఒక్క ముక్క రాయండి చాలు. పిచ్చుకకి నా ముద్దులు.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

ఆ సినిమా మాట నా దగ్గర ఎత్తకుండా ఉండాల్సింది. ఏ దొంగైతే ఊళ్లో వాళ్ల కుళాయిలు బాగుచేశాడో ఆ దొంగే నా మొగుణ్ని ఎత్తుకుపోయాడు. ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు "నువ్వు పిల్లని తీసుకుని ముందెళ్లు, ఈ ఒక్క సినిమా అవగానే నేనూ వచ్చేస్తా" అన్నాడు. ఎనిమిది నెలలు. ప్రతి వారం "ఇంకొక్క రీలు" అనేవాడు.

అయినా నేను అడ్డం పడను. వాక్యం మధ్యలో ఆగిపోయిన మనిషిని అలాగే నోరు తెరిచి నిలబెట్టడం బాగుండదు. వెళ్లి చెప్పు. కాకపోతే ఆ సంగతులేవీ నాకు రాయకు.

పిచ్చుకకి జలుబు చేసింది, తగ్గింది. నువ్వు రాత్రి పూట బన్ను తిని పడుకోవడం మానేశావా లేదా?

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

రాయొద్దన్నారు. నాలుగు వారాలు మాట నిలబెట్టుకున్నాను. ఇంకెవరికి చెప్పుకోను? కోప్పడినా సరే, చదవండి.

స్టూడియోలో రికార్డింగు చూసే పెద్దాయన ఉన్నారు, అందరూ చెవుల మాస్టారు అంటారు. గదిలో దోమ ఎటు తిరుగుతోందో కళ్లు మూసుకుని చెప్పగలరాయన. మొదటి రోజు నా తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, "మీ అన్న ఆఖరి సీను వినిపిస్తా, శ్రుతి అందుకో" అన్నారు. దొంగ బీరువాలో దాక్కున్న సీను. మాట కంటే ముందు ఊపిరి వినపడింది వదినా. అన్నయ్య ఏదైనా చెప్పే ముందు ముక్కుతో కాస్త గాలి పీల్చేవాడు చూడండి, అది. నా మెడ వెనక ఎవరో నిలబడి పీల్చినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. మాస్టారు రెండోసారి వేశారు, అంతే.

ఇంత కష్టమని తెలియదు. తెర మీద వాడి పెదవులు కలిసినచోట నావీ కలవాలి, వాడు నోరు తెరిచి ఆపితే నేనూ అక్కడే ఆపాలి. హిందీలో మాట చివర నోరు తెరుచుకునే ఉండిపోతుంది, అన్నయ్య అక్కడ "లే", "కదా" అని ఏదో ఒకటి ఇరికించేవాడట. నేనూ అదే చేస్తున్నాను. ఒక్కోసారి నేను అనబోయే మాట అన్నయ్య ముందే అనేసినట్టు చెవిలో పడుతుంది. హెడ్‌ఫోన్లు తీసినా పడుతుంది.

మాటలు ఎలాగో వచ్చాయి. నవ్వు రాలేదు. దొంగకి ఒక నవ్వు ఉంది, దొరికిపోయిన ప్రతిసారీ నవ్వుతాడు. పదకొండుసార్లు నవ్వాను, పదకొండూ బస్టాండు నవ్వులే అన్నారు మాస్టారు. పన్నెండోసారి వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నా గుండెల్లోంచి అన్నయ్య నవ్వాడు. మాస్టారు లేచి బయటికి వెళ్లిపోయారు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ్టికి చాలు" అన్నారు.

ఇప్పుడు నా బాధ ఏమిటంటే, ఆ నవ్వు పోవడం లేదు. మొన్న బస్టాండులో ఎవరో జోకు వేస్తే నవ్వాను, అది వచ్చింది. ఇంట్లో ఒక్కణ్నే ఉన్నప్పుడు నవ్వడానికి భయంగా ఉంది. నిన్న మైకులో "ప్రయాణికులు చెప్పులు బయటే విడిచి బస్సెక్కవలెను" అనేశాను. జనం విరగబడి నవ్వారు, పై అధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. అది దొంగ డైలాగు. నా గొంతు ఏదో, ఏది కాదో నాకు తెలియడం లేదు వదినా.

పని మాత్రం పూర్తయింది. సినిమా వచ్చే నెల విడుదల.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

సినిమా వచ్చింది. మా ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న హాల్లోనే వచ్చింది.

హాలు వాళ్లు ఒక వ్యానుకి మైకు కట్టి ఊరంతా తిప్పుతున్నారు. మొదటి రోజు నా గదిలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు, సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చాడు. లైటు తీసేసి, అద్దం మార్చి "ఇది బాగుందా తాతా" అంటున్నాను. కిటికీ అవతలనుంచి మీ అన్నయ్య, "తలుపు తీసే ఉంచండమ్మా, చెప్పులు బయటే విడిచొస్తా!" అన్నాడు. ఆ తర్వాత నవ్వు. నా చేతిలో అద్దం కింద పడి పగిలింది. దర్జీ చీకట్లో కిలకిలా నవ్వుతూ "ఈ దొంగ భలేవాడమ్మా" అన్నాడు. రోజుకి ఐదుసార్లు వస్తుంది ఆ వ్యాను. లోపలికొచ్చే ప్రతివాడూ చెప్పులు విడుస్తూ ఆ మాటే అంటున్నాడు. డాక్టరుగారు కూడా. వాళ్లకి తెలియదు, నేను చెప్పలేదు.

అది కూడా ఓర్చుకునేదాన్ని. శనివారం బడి వదిలాక పిచ్చుక ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే మార్కెట్ దగ్గర ఆ వ్యాను వెనకాల పరుగెడుతూ కనిపించింది. ఒక చెప్పు లేదు. పట్టుకుని ఎత్తుకుంటే, "నాన్న అందులో ఉన్నాడమ్మా, డ్రైవర్ని ఆపమని చెప్పు" అని ఒకటే ఏడుపు. వ్యాను వాడు ఆపాడు పాపం. వెనక తలుపు తీసి చూపించాడు. ఒక పెట్టె, రెండు వైర్లు. చాలాసేపు చూసింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఇంక నీకు చెప్పాల్సింది చెబుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన వారానికి ముందు వారం పిచ్చుక బడిలో నాటకం వేసింది, మేఘం వేషం. గురువారం. మీ అన్నయ్య తప్పకుండా వస్తానన్నాడు. అంతకు ముందు రెండుసార్లు అలాగే అని రాలేదు. ముందు వరసలో కుర్చీ మీద నా సంచి పెట్టి ఆపాను. పిల్ల స్టేజీ మీద దూది అంటించుకుని నిలబడి ఆ కుర్చీకేసే చూసింది. సాయంత్రం ఫోన్ చేశాడు. ఎలా మాట్లాడాడో తెలుసా? ఆ దొంగ గొంతుతో. "అమ్మగారూ, మీ గురువారం ఒకటి ఎత్తుకుపోయానండీ, పట్టించకండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంక జన్మలో నీ గొంతు నాకు వినిపించకు" అని పెట్టేశాను.

శుక్రవారం ఫోన్ లేదు. శనివారం లేదు. ఆదివారం లేదు. నేనిక్కడికి వచ్చిన ఎనిమిది నెలల్లో ఫోన్ చేయకుండా ఒక్క రోజూ లేడు మీ అన్నయ్య. సోమవారం మధ్యాహ్నం బస్సులో కూర్చుని కూర్చునే పోయాడు.

నా మాటకే మూగబోయాడా? ఆ మూడు రోజులూ ఏం చేశాడు? తిన్నాడా? నా గురించి ఏమైనా అన్నాడా? ఆ రోజుల్లో స్టూడియోలోనే ఉన్నాడుగా. మైకు ముందు కూర్చున్న మనిషి మధ్యలో ఏదో ఒకటి అని ఉంటాడు. వినిపించకు అన్నాను, ఇప్పుడు ఊరంతా వినిపిస్తున్నాడు, నాతో మాత్రం ఒక్క ముక్క అనడం లేదు. నువ్వు కనుక్కుని చెప్పు. నీకు దణ్ణం పెడతాను.

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నా వల్ల ఏ పనీ కాలేదు. ఆ గురువారం సంగతి అన్నయ్య నాకు చెప్పలేదు.

స్టూడియోకి వెళ్లాను. చెవుల మాస్టారు రికార్డింగు మధ్యలో ఆపే మనిషి కాదు, పొద్దున నొక్కితే సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటుంది. ఆ మూడు రోజులవీ ఉన్నాయి. వరసగా మూడు సాయంత్రాలు కూర్చుని అన్నీ విన్నాను. మీరు అడిగింది దొరికింది. శనివారం, సీనుకీ సీనుకీ మధ్యలో అన్నాడు. ఆ ముక్క వరకూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇలాంటివి బయటికి ఇవ్వకూడదట, కాబట్టి ఈ సంగతి మాస్టారు దాకా వెళ్లనివ్వకండి.

ఇది విన్నాక మీ మనసు కుదుటపడితే నాకదే చాలు.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

అందింది. విన్నాం. పిచ్చుక కూడా వింది.

ఉంటాను.

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

మీ రెండు ముక్కల ఉత్తరం వచ్చి ఐదు వారాలయింది. తర్వాత నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆ రెండింట్లోనూ వాన గురించీ, బస్టాండుకి వేసిన కొత్త రంగు గురించీ రాశాను. రాయాల్సింది రాయలేదు. ఇవాళ రాస్తాను.

అది అన్నయ్య కాదు. నేను.

మాస్టారి దగ్గర మూడు సాయంత్రాలు విన్నమాట నిజమే. మీ గురించి అన్నయ్య అన్నది ఒకే ఒక్క ముక్క ఉంది. అది మీకు పంపడానికి నాకు మనసు రాలేదు. మీరు దణ్ణం పెడతానని రాశారు, పిచ్చుక ఒక చెప్పుతో పరుగెత్తిందని రాశారు. వాటికి బదులుగా ఆ ముక్క ఎలా పంపను? అందుకని నేనే కూర్చుని, అన్నయ్య అయితే ఏమనేవాడో ఊహించుకుని, అన్నయ్య గొంతుతో చెప్పాను. "ఆమె మాట నిజం మాస్టారూ, తప్పు నాదే, ఆమె మీద నాకు కోపం లేదు, నన్ను క్షమిస్తే చాలు" అన్నది నేనే. సినిమాలో సగానికి గొంతు అరువిచ్చిన వాణ్ని, ఇంకో రెండు నిమిషాలు ఇస్తే ఏం పోతుందనుకున్నాను. పంపిన మర్నాటినుంచీ నాకు నిద్ర లేదు. చనిపోయిన మనిషి నోట్లో మాటలు పెట్టాను. సినిమాలో దొంగ నయం, వాడు వస్తువులే ఎత్తుకుపోతాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ సోమవారం అన్నయ్య రోజూలాగే నా దగ్గరికే భోజనానికి వస్తున్నాడు. ఆ బస్సు ఐదో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని మైకులో చెప్పింది నేనే. చెప్పి, టిఫిన్ డబ్బా విప్పి చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఎప్పుడూ ఆలస్యమేగా, ఎవరితోనో కబుర్లలో పడ్డాడనుకున్నాను. ఆకలేసి తినడం మొదలుపెట్టాను వదినా. నేను అన్నం తింటున్నాను, యాభై అడుగుల దూరంలో అన్నయ్య కిటికీకి తల ఆనించి ఉన్నాడు. కండక్టరు వచ్చి అద్దం కొట్టేటప్పటికి సగం డబ్బా అయిపోయింది.

ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం ఆ బస్సు వస్తుంది. "ఐదో ప్లాట్‌ఫారం" అనాలి. అన్నప్పుడల్లా స్పీకర్లోంచి అన్నయ్యే తను వచ్చానని చెబుతున్నట్టు ఉంటుంది. ఆ పెన్‌డ్రైవ్‌లో క్షమించమని అడిగింది అన్నయ్య కాదు, నేను. ఎవర్ని అడుగుతున్నానో నాకే తెలియలేదు.

మీరు నాతో ఇక మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాను.

మీ మరిది

*

ప్రియమైన మరిదికి,

ముందు ఒక సంగతి చెప్పి నీ భయం తీరుస్తాను. అది నువ్వని నాకు మొదటి మాటకే తెలుసు.

తొమ్మిదేళ్లు కాపురం చేశాను. మీ అన్నయ్య నన్ను ఒక్కసారైనా "ఆమె" అన్నాడా? "మా ఆవిడ" అంటాడు, ఊపు మీద ఉంటే "మా పోలీసు" అంటాడు. ఇక "క్షమించు" అన్న మాట ఆయన నిఘంటువులోనే లేదు. పెళ్లిలో నా చీర మీద కాఫీ ఒలకబోసి "ఈ రంగు నీకు బాగుంది" అన్న మనిషి. పైగా నాయనా, నీ రికార్డింగులో వెనకాల బస్సు హారన్ మోగింది. డబ్బింగ్ స్టూడియోలోకి బస్సు ఎలా వచ్చిందిరా? ఆ కేబిన్‌లోనే కూర్చుని చేశావు కదూ?

ఇవన్నీ నేను లెక్కలు కట్టే లోపే పిచ్చుక తేల్చేసింది. రెండు మాటలు విని, నా చెయ్యి పట్టుకుని, "బాబాయి ఎందుకమ్మా ఏడుస్తున్నాడు?" అంది. నీ గొంతు ఏదో నీకు తెలియడం లేదని రాశావు. ఏడేళ్ల పిల్లకి తెలిసింది.

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. అందుకే ముక్తసరిగా రాశాను. నువ్వంతట నువ్వే చెబుతావా లేదా చూద్దామని ఆగాను. ఐదు వారాలు పట్టింది. మీ అన్నయ్య అయితే ఐదేళ్లయినా చెప్పేవాడు కాదు.

అయితే ఆగుతూ ఊరికే కూర్చోలేదు. నీ పెన్‌డ్రైవ్ అందిన వారానికి సెలవు పెట్టి, పిల్లని తీసుకుని మీ ఊరు వచ్చాను. నీకు చెప్పలేదు. బస్టాండులో దిగినప్పుడు పైనుంచి నువ్వే ఏదో బస్సు రద్దయిందని చెబుతున్నావు. పిచ్చుక నోరు మూసి లాక్కెళ్లాను. నేరుగా స్టూడియోకి వెళ్లి చెవుల మాస్టారి ముందు నిలబడి, ఫలానా వాడి భార్యని, ఆ మూడు రోజులూ వినాలి అన్నాను. ఆయన కుర్చీలు చూపించి, "మీ మరిదికి వినిపించాక మీరు వస్తారనే చెరపకుండా ఉంచాను" అన్నారు. చిన్న గది. గోడలకి మెత్తటి గుడ్డ. మా ఆసుపత్రి గదిలాగే చీకటి. ఇద్దరికీ చెరో హెడ్‌ఫోన్ ఇచ్చారు.

నువ్వు పంపలేకపోయిన ముక్క విన్నాను. శుక్రవారం పొద్దున, వచ్చీ రాగానే అన్నాడు. "మా పోలీసు లాఠీ ఎత్తింది మాస్టారూ. ఇంక నాలుగు రోజులు అటు తొంగిచూడకూడదు. ఐదో రోజు ఏమీ జరగనట్టు వెళ్లి గుమ్మంలో నిలబడతా, తిడుతూనే అన్నం పెడుతుంది. ఏదీ, టీ చెప్పండి." అంతే. ఆ తర్వాత టీలో చక్కెర తక్కువైందని గొడవ.

నీకిది నిర్దయగా అనిపించింది. ఇంత జరిగితే టీ అడుగుతాడా అనిపించింది. నువ్వు బ్రహ్మచారివి, నీకు తెలియదు. నా కోపానికి నాలుగు రోజులే ఆయుష్షు. ఎప్పుడూ అంతే. నేను జన్మలో అన్నా, ఏడేడు జన్మల్లో అన్నా ఆయనకి వినపడేది నాలుగు రోజులనే. ఇన్నాళ్లూ నేనేమనుకున్నాను? నా మాట గుండెకి తగిలి, మూడు రోజులు లోలోపల కుమిలి పోయాడనుకున్నాను. రాత్రీ పగలూ అదే. ఆయన కుమల్లేదు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు నిలబడ్డాడు. నా మాట ఆయనకి తగల్లేదు మరిదీ. ఏ మాటా తగలని మనిషని నేను ఏళ్ల తరబడి ఏడ్చాను. ఆ రోజు ఆ చీకటి గదిలో కూర్చుని, తగలనందుకు ఆయనకి చేతులెత్తి మొక్కాను. మంగళవారం వచ్చేవాడు. తిట్టేదాన్ని, అన్నం పెట్టేదాన్ని.

నీ డబ్బా సంగతి. నేను ఆసుపత్రి మనిషిని, డాక్టరు రాసిన కాగితం నేను చదివాను, నువ్వు చదవలేదు. బస్సు స్టాండుకి చేరడానికి అరగంట పైగా ముందే అయిపోయింది. నిద్రలోనే. నువ్వు మైకులో చెప్పేటప్పటికి బస్సులో పిలిస్తే పలికే మనిషి లేడు. నువ్వు పరుగెత్తి వెళ్లినా చేయగలిగింది లేదు. ఆకలేస్తే తిన్నావు. తినకపోతే ఆయన వచ్చి "నాకోసం ఆగావా, పిచ్చోడా" అని నీ వాటా కూడా తినేవాడు.

పోయిన ఆదివారం ఆ హాలుకి వెళ్లి సినిమా చూశాం. ఇంటర్వెల్ దాకా దొంగ ఎవర్నీ లెక్కచేయడు, పట్టుబడినా పండగే. ఇంటర్వెల్ తర్వాత వాడిలో ఏదో మారింది. బెదురు వచ్చింది, ఎదుటివాళ్ల మీద జాలి వచ్చింది. ఎవరి ఇంట్లోంచి ఏం తీసినా వాడికి కాస్త బాధగా ఉన్నట్టుంది. జనానికి తేడా తెలియలేదు. నాకు తెలిసింది. మొదటి సగం మీ అన్నయ్యది, రెండో సగం నీది. చక్కగా చెప్పావు. పిచ్చుక రెండు సగాలూ నవ్వింది.

స్టూడియోలో మేం ఆఖరున విన్నది కూడా చెప్పాలి. ఆదివారం సాయంత్రం, ఆ బీరువా సీను. దొంగకి తుమ్ము వస్తుంది, ఆపుకోవాలి. మీ అన్నయ్యకి తుమ్ము బదులు నవ్వు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ నవ్వాడు. అవతలినుంచి మాస్టారు తిట్టబోయి తనూ అందుకున్నారు. పద్నాలుగుసార్లు. చివరికి తుమ్ము సరిగ్గా వచ్చింది, అదీ నిజం తుమ్ము. నేనూ పిచ్చుకా ఒకళ్ల మీద ఒకళ్లం పడి నవ్వాం. నా కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత మాస్టారు ఆపబోతే పిచ్చుక వద్దంది. "ఇంకేం లేదమ్మా, ఖాళీ" అన్నారాయన. ఖాళీయే విన్నాం. కాగితాలు సర్దిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. మెట్లు దిగుతూ ఎవరితోనో ఏదో చెబుతున్నాడు, మాటలు అందలేదు. గొంతులో హుషారు మాత్రం తెలుస్తోంది. అది దూరమై, ఇంకా దూరమై, తలుపు దానంతటదే మూసుకుంది.

నీ వదిన